గరిటె పెట్టని పులుసు: నెల్లూరులో ఒక మెస్ రివ్యూ

ఈ మెస్ పేరు రాయడం లేదు. ఓనరమ్మ వద్దన్నారు. "ఇప్పుడొచ్చే జనానికే చేప చాలడంలా, ఇంకా పిలవబాకయ్యా" అన్నారు. ఆమె మాట మీద గౌరవంతో పేరూ ఫోటో రెండూ పెట్టడం లేదు. ఆత్మకూరు బస్టాండు వైపు సందుల్లో ఉంటుంది. మామూలు ఇల్లే, ముందు గదిలో బల్లలు, వెనక వసారాలో పొయ్యిలు. నెల్లూరు వాళ్లకు ఈపాటికి అర్థమై ఉంటుంది, తెలియని వాళ్లు మధ్యాహ్నం పూట ఆ చుట్టుపక్కల ఎవర్ని అడిగినా చూపిస్తారు.

ఎందుకు రాయాలనిపించిందంటే, చెఫ్‌లకు కూడా చెమటలు పట్టించే వంటలు అని ఎక్కడ చూసినా ఒకటే వరుస కనపడుతుంది. ఫ్రెంచి వాళ్ల సూఫ్లే (గుడ్డుతో పొంగించే వంట), కన్సొమే (తేటగా తీసిన సూపు), హాలండేస్ (పచ్చసొన, వెన్న కలిపే సాసు), క్రోసాంట్ (పొరలు పొరలుగా ఉండే వెన్న రొట్టె), తర్వాత జపాన్ వాళ్ల ఫుగు అనే విషపు చేప. వాటిలో ఏదీ తేలిక కాదు, ఒప్పుకుంటా. కానీ మన చేపల పులుసు కూడా ఆ వరుసలో ఉండాల్సిన వంటేనని ఈ మెస్‌లో తిన్న ప్రతిసారీ అనిపిస్తుంది. ఊరికే సొంత జిల్లా అభిమానంతో అనడం లేదు, కారణాలున్నాయి, అవి చెప్తాను. మెస్ గురించి చెప్పాలన్నా అక్కడి నుంచే మొదలుపెట్టాలి.

వంట కష్టమా తేలికా అని తేల్చడానికి నేను చూసేది ఒక్కటే: తప్పు జరిగితే దిద్దుకోవచ్చా లేదా. పప్పు పలచనైతే ఇంకాసేపు మరిగిస్తాం. సాంబారులో ఉప్పు ఎక్కువైతే ఇంకాస్త నీళ్లూ పప్పూ కలుపుతాం. కోడికూర ఉడకకపోతే మూత పెట్టి మళ్లీ మంట పెంచుతాం. సూఫ్లేలో ఆ అవకాశం లేదు. గుడ్డు తెల్లసొనను గిలక్కొట్టి అందులో గాలి నింపుతారు, ఓవెన్ వేడికి ఆ గాలి వ్యాకోచించి మొత్తం పొంగుతుంది, బయటికి తీసిన కొద్ది నిమిషాల్లోనే కుంగడం మొదలవుతుంది. కుంగినదాన్ని మళ్లీ లేపలేరు. హాలండేస్ కూడా అంతే, వేడి కాస్త ఎక్కువైతే పచ్చసొన గడ్డకట్టి సాసు విరిగిపోతుంది. ఇవి కష్టమైన వంటలన్న పేరు ఊరికే రాలేదు.

ఇప్పుడు పులుసు దగ్గరికి రండి. చేప కండ మేకమాంసం లాంటిది కాదు. కండను పట్టి ఉంచే కొలాజెన్ చేపలో తక్కువ, ఉన్నది కూడా మాంసంలో కంటే తక్కువ వేడికే కరిగిపోతుంది. అందుకే మటన్ గంట ఉడికితే మెత్తబడుతుంది, చేప పావుగంట దాటితే పొరలు పొరలుగా విడిపోతుంది. అలాగని తొందరగా దించేస్తే ముక్కకు పులుపూ కారం పట్టవు, రసం ఒక రుచి, చేప ఒక రుచిగా ఉంటాయి. పులుసు చిక్కబడటానికి చాలాసేపు మరగాలి, చేపేమో ఎక్కువసేపు మరగకూడదు. కష్టమంతా ఈ రెండింటి మధ్యే ఉంది. చింతపండు పచ్చివాసన పోయి, ఉల్లిపాయ కరిగి, నూనె పక్కలకు తేలే దాకా రసాన్ని ముందే మరిగించుకుని, అప్పుడు ముక్కలు వేయాలి. వేశాక ఇక మీ చేతిలో ఉన్నది కొద్ది నిమిషాలే. అప్పుడు ఉప్పు చాల్లేదనో పులుపు తగ్గిందనో గరిటె పెట్టి తిప్పారా, ముక్క చితుకుతుంది, ముళ్లు పులుసంతా కలుస్తాయి, ఇక ఆ పులుసు పిల్లలకు పెట్టలేం.

ఈ మెస్‌లో వంట చూసే ఆమెను అందరూ పెద్దమ్మ అంటారు. చేప వేశాక ఆమె గరిటె ముట్టరు. సట్టి అంచుల్ని రెండు మసిగుడ్డలతో పట్టుకుని, పొయ్యి మీద నుంచి కొంచెం లేపి, మెల్లగా గుండ్రంగా తిప్పుతారు. ముక్క మీదికి రసం దానంతటదే వస్తుంది. వంట నేర్చుకుంటున్న కుర్రాడు ఒకడు ఉప్పు కలపడానికి గరిటె తీసుకుంటే "గరిటె పెట్టబాక రా, ముక్క చితికిపోద్ది" అని వాడి చెయ్యి పట్టి ఆపారు. రసం నిండా ఉన్న మట్టిసట్టి ఎంత బరువుంటుందో ఊహించుకోండి. ఆ వయసులో ఆ బరువును అంత నెమ్మదిగా తిప్పడం చూస్తే నాకు నిజంగా గౌరవం కలిగింది.

మట్టిసట్టి గురించి ఒక మాట. అదేదో పల్లెటూరి వాతావరణం కోసం పెట్టింది కాదు. చింతపండు పులుపు అల్యూమినియం గిన్నెతో కలబడుతుంది, రుచిలో తేడా వచ్చేస్తుంది. మట్టికి ఆ బాధ లేదు. కానీ మట్టికి ఇంకో గుణం ఉంది. వేడిని పట్టి ఉంచుతుంది, పొయ్యి ఆపేసినా లోపల పులుసు కుతకుతలాడుతూనే ఉంటుంది. అంటే చేప పూర్తిగా ఉడికాక దించితే ఆలస్యమైనట్టే, ఇంకా కొంచెం ఉడకాల్సి ఉండగానే దించాలి. ఎంత ముందు దించాలో ఏ పుస్తకంలోనూ దొరకదు, అది సట్టి మందాన్ని బట్టి, ముక్క మందాన్ని బట్టి మారుతుంది. పెద్దమ్మ దించిన పులుసులో కొర్రమీను ముక్క వేలితో నొక్కితే విడుతుంది, నొక్కకపోతే విడవదు. అంత కచ్చితంగా ఉంటుంది.

అసలు కష్టం మామిడికాయతో వస్తుంది. నెల్లూరు పులుసుకు మామిడికాయ ఉండాలి, అది లేకపోతే మరో ఊరి పులుసు అవుతుంది. చింతపండు ఒక పులుపు, మామిడికాయ ఇంకో పులుపు, టమాటా వేస్తే మూడోది. వీటిలో ఏదీ రోజూ ఒకేలా ఉండదు. కొత్త చింతపండు ఒక తీరు, ఏడాది దాటి నల్లబడ్డది ఇంకో తీరు. ఒకే బుట్టలోని మామిడికాయల్లో కూడా ఒకటి పళ్లు పులిసేంత పులుపుంటుంది, పక్కది అప్పుడే పండబోతూ తియ్యబడి ఉంటుంది. కొలతలేంటని అడిగితే పెద్దమ్మ చెప్పింది ఇది: "కొలతేముందబ్బయ్యా, కాయ కొరికి చూస్తా, అప్పుడు చింతపండు నానేస్తా." రోజూ అంతే. ముందు కాయ కొరుకుతారు, దాని పులుపును బట్టి చింతపండు తగ్గిస్తారు, దాన్ని బట్టి కారం.

క్రోసాంట్‌కు వెన్న ఎంత, పిండి ఎంత, ఎన్ని మడతలు అని గ్రాముల్లో రాసుకోవచ్చు. చెయ్యడం కష్టమే, కానీ ఇవాళ కుదిరిన కొలత రేపూ పనికొస్తుంది. మనకు దగ్గర్లో చెప్పాలంటే ఒంగోలు అల్లూరయ్య నేతి మైసూర్‌పాక్. అది కూడా క్షణాల్లో తేలిపోయే వంటే, పాకం కొంచెం ముదిరితే రాయిలా గట్టిపడుతుంది, లేతగా ఉంటే ముక్క కొయ్యడానికి రాదు. అయితే అందులో పడేవి చక్కెర, శనగపిండి, నెయ్యి. అవి రోజుకో గుణం మార్చుకోవు కాబట్టి చెయ్యి అలవాటు పడ్డ మనిషి రోజూ అదే రుచి తేగలడు. పులుసులో నిన్నటి చెయ్యి ఇవాళ పూర్తిగా పనికిరాదు. చేప మారుతుంది, కాయ మారుతుంది, చింతపండు మారుతుంది. అయినా ఈ మెస్‌లో రుచి తప్పడం లేదంటే ఆ ఘనత ఆమె నాలుకది.

ఫుగు సంగతి కూడా చెప్పి వదిలేస్తాను, ఎందుకంటే దాని పేరు చెప్పగానే మిగతా చర్చంతా ఆగిపోతుంది. ఆ చేప కాలేయంలో, అండాశయాల్లో టెట్రోడోటాక్సిన్ అనే విషం ఉంటుంది. 1975లో జపాన్‌లో పేరున్న కబుకి (అక్కడి సంప్రదాయ నాటకం) నటుడు బాండో మిత్సుగోరో దాని కాలేయం తిని చనిపోయాడు. అక్కడ దాన్ని కొయ్యాలంటే లైసెన్సు ఉండాలి, పరీక్ష పాసవ్వాలి. ప్రమాదకరమే, కాదనడానికి లేదు. అయితే ఆ నైపుణ్యం ఎక్కువగా కత్తిలో ఉంది, ఏది ఎక్కడ కొయ్యాలో నేర్పించడానికి, పరీక్ష పెట్టడానికి వీలైన విద్య అది. పులుసుకు పరీక్ష ఎలా పెడతారు? ప్రాణం మీదికి రావడమూ, వంటగా కష్టమవడమూ వేరు వేరు సంగతులు అనుకుంటాను.

ఇక మెస్‌లో ఏం తినాలో చెప్తాను.

మొదటి ఓటు కొర్రమీను పులుసుకే. కొర్రమీను గాలి పీల్చే చేప, నీళ్లు తక్కువున్నా చాలాసేపు బతికుంటుంది, అందుకే బతికున్నవి తెచ్చి వసారాలో తొట్టిలో ఉంచి పొద్దున్నే కోస్తారు. నడుమ ముల్లు ఒకటే, చిన్న ముళ్లు తక్కువ, కండ గట్టిగా ఉంటుంది కాబట్టి పులుసులో నిలబడుతుంది. జిగురు పోవడానికి రాళ్లుప్పు వేసి బాగా రుద్దుతారు, అక్కడ బద్ధకిస్తే నీచు వాసన ఎంత మసాలా వేసినా పోదు. ఇక్కడ ఒక్కసారి కూడా ఆ వాసన తగల్లేదు. మెంతులు సరిగ్గా వేగి ఉంటాయి. మెంతి కొంచెం ఎక్కువ వేగినా పులుసంతా చేదెక్కుతుంది, తక్కువ వేగితే పచ్చిగా ఉంటుంది. ఇక్కడ ఆ చిరుచేదు అన్నం ముద్ద మింగాక మెల్లగా తెలుస్తుంది, అంతే. మామిడికాయ టెంకతో సహా వేస్తారు. పులుసు పీల్చుకున్న ఆ టెంక ముక్క వస్తే వదలకండి.

రెండోది బొమ్మిడాయిల పులుసు. ఇది రోజూ ఉండదు, దొరికిన రోజే. పాములా సన్నగా ఉండే చేప కదా, కొందరు చూడగానే మొహం తిప్పుకుంటారు, తిన్నవాళ్లు మాత్రం మళ్లీ దానికోసమే వస్తారు. కొర్రమీను కంటే దీన్ని శుభ్రం చెయ్యడమే పెద్ద పని. ఒంటి మీద జిగురు చేతికి పట్టు దొరకనివ్వదు, బూడిదో ఉప్పో వేసి గరుకు రాయి మీద తోమాలి, వీపు మీది ముళ్లు గుచ్చుకుంటాయి. దీనికోసం పొద్దున్నే కూర్చునే ఆడవాళ్లు వేరే ఉన్నారు, ఆ పని చూశాక ప్లేటుకు ఎక్కువ తీసుకుంటున్నారని ఎవరూ అనలేరు. ముక్క చిన్నది కాబట్టి ఇంకా తొందరగా ఉడుకుతుంది, తప్పు చెయ్యడానికి సమయం ఇంకా తక్కువ. అయినా ముక్క ముక్కగానే వస్తుంది.

రొయ్యల ఇగురు బాగుంది, అద్భుతం అనను. మన జిల్లాలో చెరువులకు కొదవ లేదు, అప్పట్లో టైగర్ రొయ్య, ఇప్పుడు ఎక్కడ చూసినా వనామీ. వనామీ తాజాగా ఉన్నప్పుడు తియ్యగా ఉంటుంది, కానీ రెండు మూడు నిమిషాలు దాటి ఉడికితే రబ్బరే. మొదటి పంక్తిలో కూర్చుంటే మెత్తగా వచ్చింది. ఆలస్యంగా వెళ్తే అదే ఇగురు మళ్లీ వేడి చేసి ఉంటుంది, గట్టిపడి నమలాల్సి వస్తుంది.

వంజరం వేపుడు తీసుకోవద్దు. ఇది మొహమాటం లేకుండా చెప్తున్నా. వంజరం మంచి చేపే, కానీ ముందే వేయించి పెట్టి, ఆర్డరు రాగానే పెనం మీద మళ్లీ వేస్తారు. లోపల తడి పోయి పీచుపీచుగా అయిపోతుంది. పులుసు మీద పెట్టే శ్రద్ధలో సగం పెట్టినా ఆ వేపుడు బాగుండేది. ఆ మాట వాళ్లకు కూడా చెప్పాను. జనం ఎక్కువయ్యారు, పెనం ఒకటే ఉంది అన్నారు. కారణం అర్థమైంది, కానీ తినేవాడు డబ్బు ఇస్తున్నది వేపుడుకు.

అన్నం సన్నబియ్యం, పలుకు మీద ఉంటుంది, పులుసు పోసుకున్నా ముద్దవదు. చారు మామూలుగా ఉంటుంది. పప్పు, వేపుడు కూర ఏదో ఒకటి ఇస్తారు, వాటి కోసం ఎవరూ రారు. పెరుగు మాత్రం గట్టిగా తోడుకున్నది ఇస్తారు, అంత కారం తిన్నాక అది కావాలి కూడా. చివర్లో మలై కాజా అడిగితే ఇస్తారు, అది బయట నుంచి తెప్పించేదే, ఇక్కడ చేసేది కాదు.

ఇంకో విషయం రాయకుండా ఉండలేను. హైదరాబాదులో, బెంగళూరులో "నెల్లూరు చేపల పులుసు" అని బోర్డు పెట్టిన చోట్ల తిని తిని విసిగిపోయాను. ఎర్ర రంగు, మీద తేలే నూనె, చిక్కదనం కోసం ఏదో పిండి, లోపల ముందే వేయించి పడేసిన చేప. కొన్నిచోట్ల రసం ఒక గిన్నెలో, ముక్కలు ఇంకో గిన్నెలో ఉంచి, ఆర్డరు రాగానే రెండూ కలిపి ఒక పొంగు రానిచ్చి పంపిస్తారు. తప్పు వంటవాళ్లది మాత్రమే కాదు. పెద్ద హోటల్‌కు పొద్దున పదకొండు నుంచి రాత్రి పదకొండు దాకా మెనూలో ఉన్న ప్రతిదీ ఉండాలి, ఇరవై నిమిషాల్లో టేబుల్ మీదికి రావాలి. పులుసు అలా వచ్చే వంట కాదు. పొద్దున్నే ఒక సట్టి పెట్టాలి, దించాక రెండు మూడు గంటలు ఊరనివ్వాలి, అప్పుడే ఉప్పూ పులుపూ ముక్క లోపలికి దిగుతాయి. అయిపోతే అయిపోయిందని చెప్పగలగాలి. ఆ మాట చెప్పడానికి పెద్ద హోటళ్లకు ధైర్యం ఉండదు. ఇక్కడ రెండు గంటలకే "కొర్రమీను అయిపోయిందయ్యా, బొచ్చె ఉండాది" అని నిర్మొహమాటంగా చెప్తారు. ఆ మాట వినపడితే నాకు కోపం రాదు, నమ్మకం కలుగుతుంది.

మామిడికాయ లేని నెలల్లో సంగతి వేరే. వేసవి పోయాక కొన్ని వారాలు ఎక్కడెక్కడివో కాయలు తెచ్చి వేశారు, అవి పులుపూ వాసనా లేని కాయలు, పులుసు చప్పగా అనిపించింది. తర్వాత మామిడి ఒరుగులు నానబెట్టి వేయడం మొదలుపెట్టారు, అది చాలా నయం. ఎండిన ముక్క పులుసులో మళ్లీ ఉబ్బి, పచ్చికాయకు లేని ఒక ఘాటు ఇస్తుంది. వర్షాకాలంలో వెళ్లేవాళ్లు ముందు ఒరుగులు వేశారా అని అడిగి కూర్చోండి.

ఆదివారం పొద్దున దోశ ఉంటుంది, ఇది చాలామందికి తెలియదు. దోశతో చట్నీ ఇస్తారు, ఎర్రకారం రాసి నెయ్యి వేసి కూడా ఇస్తారు, కానీ మీరు అడగాల్సింది శనివారం పులుసు. రాత్రంతా ఊరిన పులుసు రుచి నెల్లూరు జిల్లాలో పుట్టినవాళ్లకు నేను చెప్పనక్కర్లేదు, బయటివాళ్లకు మాత్రం ఒక మాట: రాత్రికి పులుపు మెత్తబడుతుంది, కారం నూనెలోకి దిగుతుంది, ముక్క లోపలి దాకా ఒకటే రుచి వస్తుంది. దాన్ని వేడి చెయ్యడం కూడా ఒక విద్యే. పొయ్యి మీద నేరుగా పెట్టి మరిగిస్తే ముక్క విరుగుతుంది. ఇక్కడ రసం కొంచెం వేరుగా తీసి మరిగించి, దాన్ని సట్టిలో ముక్కల మీద పోసి మూత పెడతారు. అంత ఓపికగా చేసే చోటు ఇంకోటి నాకు తెలియదు. కరకరలాడే అంచు పులుసులో ముంచుకుని తినండి, మధ్యలో మెత్తటి భాగం ముక్కతో కలిపి తినండి.

ఇబ్బందులు ఉన్నాయి. ఏసీ లేదు, మే నెలలో ఫ్యాను గాలి కూడా వేడిగా తగులుతుంది. వసారాలో పొయ్యిల వేడి ముందు గదిలోకి వస్తుంది. కూర్చోవడానికి ఒకరి వెనక ఒకరు నిలబడాలి, తింటున్నవాడి వెనక నిలబడటం ఇద్దరికీ ఇబ్బందే. పెద్దవాళ్లను తీసుకెళ్తే పన్నెండుకే వెళ్లండి. చేతులు కడుక్కునే చోట నేల జారుతుంది, దాన్ని బాగుచెయ్యమని గట్టిగా చెప్పి వచ్చాను. పిల్లలకు కారం ఎక్కువ, వాళ్లకు పప్పు, పెరుగు, ఆమ్లెట్ తప్ప దారి లేదు.

భోజనం ధర మామూలు మెస్ ధరే, చేప ముక్కకు వేరే లెక్క, అది ఆ రోజు చేప ధరను బట్టి మారుతుంది. కూర్చునే ముందే అడగండి, దాచకుండా చెప్తారు. పార్శిల్ ఇస్తారు కానీ ప్లాస్టిక్ కవర్లో వేడి పులుసు పొయ్యరు, మీరే స్టీలు క్యారేజీ తీసుకెళ్లాలి, ఆ పద్ధతి నాకు నచ్చింది. కారు సందులోకి రాదు, మెయిన్ రోడ్డు మీదే పెట్టుకుని నడిచి రావాలి. సోమవారం సెలవు.